బంతి చివర ఎత్తుపీట

పోయిన నెల మలికిపురంలో మా బాబాయి మనవరాలి పెళ్లి భోజనాల దగ్గర ఉన్నవి ఇవి: తెల్లగుడ్డ తొడిగి వెనక బంగారు రంగు రిబ్బను ముడేసిన కుర్చీలు, కాగితం పరిచిన పొడుగు బల్లలు, ఆకు ఆకుకీ ఒక నీళ్లసీసా, గోడల వెంట కూలర్లు. ఉన్నవాళ్లు: నేను, నా పక్కన మా ఆవిడ, ఎదురుగా మా పెద్దమ్మ, ప్రతి కుర్చీ వెనకా అది ఎప్పుడు ఖాళీ అవుతుందా అని నిలబడ్డ ఒక మనిషి.

పెద్దమ్మకి ఎనభై దాటాయి, మోకాళ్లు పట్టేశాయి. కుర్చీలో కుదురుకుని, ఆకు మీద నీళ్లు చల్లుకుంటూ, "ఆయ్, ఇప్పుడందరం నీలాగే అయిపోయేం కదరా అబ్బాయ్. అప్పుడు నిన్నెంత ఆడిపోసుకున్నామో!" అని నవ్వింది. నేనూ నవ్వి ఊరుకున్నాను. కానీ నేలమీద బంతిలో కూర్చుని తిని పెరిగిన నా ఈడువాళ్లకి ఈ సంగతి చెప్పుకుంటే వెంటనే అర్థమవుతుందని, ఇంటికి వచ్చాక రాయడానికి కూర్చున్నాను.

డిప్లొమా పూర్తిచేసి అమలాపురంలో మోటార్లు, పంపుసెట్లు బాగుచేసే వర్క్‌షాపులో చేరిన ఏడాదికి, నా ఇరవైమూడో ఏట, తెల్లవారేసరికి నడుం కొయ్యలా బిగుసుకుపోవడం మొదలైంది. మంచం మీంచి నేరుగా లేవలేను. పక్కకి దొర్లి, మోకాళ్ల మీద దిగి, కిటికీ ఊచ పట్టుకుని లేవాలి. ఓ రెండు గంటలు తిరిగితే సడలేది, కాసేపు కదలకుండా కూర్చుంటే మళ్లీ బిగిసేది. పనిచేస్తే అరుగుదల, ఆపితే ఊరట, ఇదీ నేను చదువుకున్నది. ఆపితే బిగిసి, నడిస్తే సడలే యంత్రాన్ని నేనెక్కడా చూడలేదు. కాకినాడలో పెద్ద డాక్టరుగారు ఎక్స్‌రేలు, రక్తపరీక్షలు చూసి, యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అని రాసిచ్చారు. ఇది పోయే జబ్బు కాదు, అదుపులో పెట్టుకోవలసిన జబ్బు అన్నారు. మాత్రలు, వ్యాయామం, వీలైతే రోజూ ఈత. తుంటి కీళ్లకి కూడా పాకింది కాబట్టి నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం మానెయ్యమన్నారు.

మా వాళ్ల వైద్యాలు వేరు. అమ్మది నల్లేరు పచ్చడి. మేనత్తది వేడి ఆముదం, దానిమీద జిల్లేడాకుల కాపడం. పక్కింటి తాతగారిది వంకాయ, గోంగూర, బంగాళాదుంపల నిషేధం. బాబాయిది పెళ్లి. ఇవన్నీ ఒట్టి నడుం నొప్పికి. అసలు జబ్బు పేరు అమ్మకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. నాన్న నా చిన్నప్పుడే పోవడంతో నా పెళ్లి బాధ్యత తనొక్కతే మోస్తున్న అమ్మ, ఆ పేరు గడప దాటకూడదని ఒట్టు వేయించుకుంది.

ఇక బంతి. తాటాకు పందిరి కింద పొడుగ్గా ఈతచాపలు పరిచి, ఎదురెదురుగా రెండు వరసల్లో మోకాలికి మోకాలు ఆనించుకుని కూర్చునేవాళ్లం. పనసపొట్టు కూర దగ్గర్నుంచి గడ్డపెరుగు దాకా అన్నీ వచ్చి వెళ్లాక, ఆఖరి పెద్దాయన ఆఖరి ముద్ద తిని "ఇహ లేద్దామాండీ" అనేదాకా ఎవరూ లేవకూడదు. మధ్యలో లేస్తే తోటివాళ్ల విస్తళ్లని అవమానించినట్టే. నాకు కూర్చోవడం కష్టం, లేవడం అంతకంటే కష్టం. అందుకని ఏ పెళ్లికి వెళ్లినా ముందు పందిరి రాటలు చూసుకునేవాణ్ణి: ఏది లావు, ఏది లోతుగా పాతారు, ఏది గోడవైపు ఉంది. లేచేటప్పుడు పక్కవాళ్లతో ఏదో మాట కలుపుతూ, ఒక చేత్తో రాట పట్టుకుని పైకి పాకేవాణ్ణి. అలా ఏడాదికి పైగా నెట్టుకొచ్చాను.

కొత్తపేటలో బాబాయి కూతురి పెళ్లిలో నా లెక్క తప్పింది. నేను ఎంచుకున్న రాట పందిరి మోసేది కాదు, ట్యూబులైటు కట్టడానికి ఆ పొద్దున్నే గుచ్చినది. దానిమీదికి నాలుగు తాటాకులు వాల్చి కట్టారు కాబట్టి అసలు రాటలాగే కనిపించింది. నా బరువంతా వేసి లాగేసరికి రాట ఊడొచ్చింది, దాంతోపాటు తాటాకులు దిగాయి, ఎదుటి వరసవాళ్ల పెరుగన్నంలో దుమ్మూ ఎండుటాకుముక్కలూ పడ్డాయి. నేను రాటని కౌగిలించుకుని చాపమీద పడి ఉన్నాను. "పట్టపగలే ఏసేసేడండి బాబూ!" అన్నారెవరో. పందిరంతా నవ్వింది. సాయంత్రానికల్లా ఆ కబురు గోదావరి పాయ దాటి మా మేనత్తగారి ఊరికి కూడా వెళ్లిపోయింది.

అమ్మ ఆ మాట విని మండిపడుతుందనుకున్నాను. బస్సులో నా పక్కన కూర్చుని, మెల్లగా, "పోనీలే, అదే అనుకోనీ" అంది.

"అమ్మా, నేను సోడా కూడా తాగను కదే!"

"నాకు తెలుసులేరా. తాగుడైతే పెళ్లయ్యేక మానేస్తాడంటారు. నడుం జబ్బంటే పిల్లనెవడిస్తాడు?"

ఆ లెక్కలో తప్పు లేదు. అందుకే ఒళ్లు మండిపోయింది. తాగుబోతుకి మా ఊళ్లో చోటుంది, నా వెన్నెముకకి లేదు.

మర్నాడు వర్క్‌షాపులో ఎవరో రైతు మోటారు విప్పి బల్లమీద పెట్టాను. బేరింగు అరిగిపోయింది. అరిగిన బేరింగుని ఎవరూ సిగ్గులేదా, పక్క మోటారుని చూసి బుద్ధి తెచ్చుకో అని తిట్టరు. ఎంత మోయగలదో చూస్తాం, వాలు సరిచేస్తాం, గ్రీజు పెడతాం, లోడు తగ్గిస్తాం. ఇంతమంది మోటార్లకి చేసే ఆ కాస్త మర్యాద నా నడుముకి నేనెందుకు చెయ్యలేదు? పొద్దున్నే దాన్ని తిట్టుకుంటూ లేవడం, పగలంతా దాన్ని దాచడం, నలుగురిలో దాన్ని విరగ్గొట్టుకోవడం, ఇదీ నా దినచర్య. ఆ మధ్యాహ్నమే మోకాలి నుంచి మడమ దాకా కొలుచుకుని, ఇనప కాళ్లకి పనసచెక్క బిగించి, కూర్చోడానికి పదహారు అంగుళాల పీట ఒకటి, ఆకు పెట్టుకోడానికి కాస్త ఎత్తుది ఇంకొకటి చేసుకున్నాను. రెండూ మడిస్తే ఒక సంచిలో పడతాయి.

తరవాతి పెళ్లి రాజోలు దగ్గర, మా పెద్దమ్మ కూతురిది. ఐ.పోలవరంలో రొయ్యల చెరువులున్న ఒక పెద్దమనిషి, తన కూతురికి నన్ను అనుకుని, చుట్టరికం వంకన ఆ పెళ్లికి వస్తున్నారు. చూడడానికి వస్తున్నది నన్నేనని అందరికీ తెలుసు. బయల్దేరేముందు అమ్మ నా సంచి చూసింది.

"ఈ ఒక్క బంతికీ కింద కూర్చోరా. ఒక్క గంట. నా మొహం చూసి."

"గంట తరవాత లేవాలి కదమ్మా. ఈసారి పందిరి పడితే ఏం తాగేననుకుంటారు?"

అమ్మ నవ్వలేదు. నేను సంచి వదల్లేదు.

బంతి చివర పీటలు విప్పి కూర్చున్నాను. రెండు వరసల తలలూ నావైపు తిరిగాయి. మర్యాదలు చేసుకుంటూ వస్తున్న పెద్దమ్మ ఆగి, "పెళ్లికొడుకే ఇంకా పీటలెక్కలేదు, నువ్వెక్కేసేవేంట్రా!" అంది. "పెద్దవాళ్లందరూ నేలమీద, దొరగారు సింహాసనం మీదానండీ" అని ఎవరో అందించారు. బాబాయి అయితే, "ఒరే, ఇవాళ రాటలన్నీ గట్టివేరా, దిగు" అన్నాడు. వడ్డించేవాళ్లు కూడా నవ్వుతూ వంగడం మరిచిపోయారు.

ఎదుటి వరసలో ఉన్న రొయ్యల చెరువుల పెద్దమనిషి ఒక్కరే నవ్వలేదు. ఎంతో మన్ననగా, "ఏం బాబూ, కాలికేమన్నా దెబ్బ తగిలిందాండీ?" అని అడిగారు. ఆయన తెరిచిన తలుపు అది. అవునండీ, సైకిల్ మీంచి పడ్డానండీ అంటే చాలు. మజ్జిగ కుండతో నిలబడ్డ అమ్మ కళ్లు ఆ మాటే చెప్పమంటున్నాయి.

"లేదండీ. వెన్నెముక జబ్బండీ. పోయేది కాదు. కింద కూర్చుంటే లేవలేను, అందుకని ఇది చేసుకున్నాను. కొత్తపేటలో పందిరి పడింది కూడా దీనివల్లేనండీ. నేను తాగను."

ఆయన "ఆయ్" అని, తల పంకించి, అన్నం కలుపుకున్నారు. అప్పుడే బూరెలు వచ్చాయి. నేను రెండోసారి వేయించుకున్నాను, నడిమధ్య గుంట చేసి నెయ్యి పోయించుకున్నాను. అంతకుముందు ఏ పెళ్లిలో ఏం తిన్నానో నాకు గుర్తులేదు, ఎలా లేచానో మాత్రం గుర్తుంది. ఆ రోజు రుచి గుర్తుంది. బంతి లేచినప్పుడు అందరితోపాటు, ఏదీ పట్టుకోకుండా లేచాను.

జాతకాలు కుదరలేదని వారంలోగా కబురొచ్చింది. అమ్మ కొన్నాళ్లు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆ తరవాత ఓడలరేవు వైపు పెళ్లికి బయల్దేరితే, బస్సులో అమ్మ ఒళ్లో పీటల సంచి ఉంది. "అన్నీ మర్చిపోయి వచ్చేస్తావు. నేను చూస్కోకపోతే ఎలాగరా?" అని నన్నే కసిరింది. నేను మర్చిపోలేదు, నాకంటే ముందే ఆవిడ తీసుకుంది. పీటలబ్బాయి అని నాకు పేరు స్థిరపడింది, ఆ పేరుకి పలికాను. ఇంకో మూడు సంబంధాలు తప్పిపోయాయి, ప్రతిసారీ జబ్బు పేరు ముందు నేనే చెప్పాను. మా ఆవిడ ఆ పేరు రెండుసార్లు చెప్పించుకుని, పలకడం వచ్చాకే సరేనంది.

తరవాత బల్లలు వచ్చాయి. నేను గెలిచానని కాదు, టెంట్ హౌస్ వాళ్లు బల్లలు కొన్నారు, అంతే. ఇప్పుడు ఎవరు ఎప్పుడు లేచినా అడిగేవాళ్లు లేరు, నెమ్మదిగా తినేవాళ్ల కోసం ఆగేవాళ్లూ లేరు. నా ప్రాణం తీసిన కట్టుబాటే అది. అయినా మోకాలికి మోకాలు ఆనించుకుని ఒక పెద్దాయన ఆఖరి ముద్ద కోసం ఊరంతా కాచుకున్న ఆ కాసేపు, ఇప్పుడు ఎక్కడా కనపడదు. నాకు ఎత్తుపీట వేసి ఆ బంతి ఉంచితే బాగుండేది.

నడుం తన పని తాను చేసుకుపోయింది. మందులు మారాయి, నొప్పి తగ్గింది, వంపు నిలిచిపోయింది. ఎదుటి మనిషి మొహం చూడాలంటే ఒళ్లంతా వెనక్కి వాల్చాలి. వాలుస్తాను, చూస్తాను. ఆ నడుముని నేను తిట్టి చాలా ఏళ్లయింది. వర్క్‌షాపులో చేరినప్పుడు నా ఎత్తు ఐదడుగుల తొమ్మిది అంగుళాలు. మొన్న ఆస్పత్రిలో కొలిచారు. ఐదడుగుల ఆరున్నర.