కెరటం పట్టుకుపోయిన డ్రమ్ము

ఒకే మధ్యాహ్నంలో, అదీ ఎవరి మీదా కోపం లేకుండా, ఒక పాటనీ, ఒక పెళ్ళి ఊరేగింపునీ, ఇద్దరు స్నేహితుల నమ్మకాన్నీ కలిపి బంగాళాఖాతంలో ముంచడం మామూలు మనిషికి చేతనయ్యే పని కాదు. నేను చేశాను. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. ఆ కుర్రాడు ఇప్పుడు ఎదురైతే కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, ఆ తర్వాత తీరిగ్గా నెత్తి మీద ఒకటి మొట్టాలని ఉంది.

అప్పట్లో మా ముగ్గురికీ ఒక రాక్ బ్యాండు ఉండేది. నేను గిటారు వాయిస్తూ పాడేవాణ్ణి. పగలు పోర్టు దగ్గర ఒక ఆఫీసులో కాయితాల మీద ముద్రలు కొట్టేవాణ్ణి. నా పాటకంటే ఆ ముద్రల్లోనే తాళం బాగుండేదని మా గుమస్తా అనేవాడు. బేస్ గిటారు సన్నిబాబుది. వాడికి గాజువాకలో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు ఉంది. డ్రమ్ములు వాయించేది పాత ఊరి రఫీ. డ్రమ్ములు మాత్రం రఫీవి కావు, వాళ్ళ మామూవి, అంటే మేనమామవి. మామూకి పెళ్ళి బ్యాండు ఉంది. ముహూర్తాలు లేని రోజుల్లో మాది రాక్ బ్యాండు, ఉన్న రోజుల్లో మాకు బ్యాండే లేదు.

ఇలా ఉండగా రుషికొండలో ఒక రిసార్టువాళ్ళు ప్రకటన ఇచ్చారు. రాక్ సంగీత సాయంత్రం పెడుతున్నారు, ఊళ్ళో బ్యాండులు తమ పాట వీడియో పంపాలి, నచ్చితే వేదిక ఇస్తారు. మా దగ్గర పాట ఉంది. పేరు 'ఇరుకు'. షేర్ ఆటోలో నలుగురి చోట ఏడుగురు కూర్చుని గాజువాక వెళ్ళడం గురించి. నిజం చెప్పాలంటే మంచి పాట. ఇప్పటికీ నేను సిగ్గుపడనిది అదొక్కటే.

"వీడియో నేను డైరెక్టు చేస్తాను" అన్నాను.

"అదెంత పని బావా! ఆటో ఎక్కి తీసీద్దుం" అన్నాడు సన్నిబాబు. "పాట ఆటో గురించే కదేటి."

నేను జాలిగా నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే నాకే నన్ను కొట్టాలనిపిస్తుంది.

"రాక్‌లో ఆటో ఉండదురా" అన్నాను.

వారం రోజులు బస్సులో, భోజనం దగ్గర, ఆఫీసు బల్ల కింద విదేశీ రాక్ వీడియోలు చూసి నేను ఆ శాస్త్రాన్ని ఔపోసన పట్టి ఉన్నాను. అందరూ నల్ల తోలు జాకెట్లు వేసుకుంటారు. జుట్టు వెనక్కి ఎగురుతుంది. చుట్టూ పొగ. వెనక ప్రకృతి రౌద్రంగా ఉంటుంది. అన్నీ నెమ్మదిగా, స్లో మోషన్‌లో జరుగుతాయి. ముఖ్యంగా, ఎవరూ నవ్వరు. ఎందుకు నవ్వరో నాకు తెలియదు. ఆ దేశాల్లో జీతాలు బాగానే ఉంటాయని విన్నాను.

తోలు జాకెట్లు మాకెక్కడివి? పాత ఊళ్ళో ఆటో సీట్లకి కవర్లు కుట్టే ఆయన రఫీకి తెలుసు. నల్ల రెక్సిన్‌తో మూడు జాకెట్లు కుట్టాడు. చేతి అలవాటు కొద్దీ లోపల అర అంగుళం స్పాంజి కూడా వేశాడు. వేసుకుంటే ముగ్గురం నడిచే ఆటో సీట్లలా ఉన్నాం. అది మే నెల అని కూడా ఇక్కడే చెప్పేస్తాను, తర్వాత దాచాననుకుంటారు.

కెమెరామన్ పైడిరాజు. సన్నిబాబు చెల్లెలి పెళ్ళి తీసినవాడు. చిత్రీకరణ యారాడ బీచ్‌లో. ఆ రోజు సాయంత్రం మామూకి పెళ్ళి ఊరేగింపు ఉంది.

"బావా, అయిదింటికల్లా డ్రమ్ములు మామూ కొట్టుకాడ ఉండాల. లేకపోతే మామూ నన్ను డ్రమ్ము సేసీసి వాయిస్తాడు" అన్నాడు రఫీ.

"మూడింటికే అయిపోతుంది" అన్నాను. డైరెక్టర్లందరూ ఇదే మాట చెబుతారని నాకప్పటికి తెలియదు.

యారాడలో జాలరి కుటుంబాలవాళ్ళు ఇసక మీద చేపలు ఎండబెట్టుకుంటున్నారు. పోలమ్మ అనే ఒక ముసలమ్మ మా ముగ్గుర్నీ ఎగాదిగా చూసి, "ఎవుల్రా బాబూ పోనారు?" అంది బాధగా.

"ఎవరూ పోలేదు మామ్మా, పాట తీస్తున్నాం."

"మరి ఆ మొకాలేటి అలాగున్నాయి?"

పైడిరాజుకీ అదే అనుమానం. "సార్, కొంచెం నవ్వాలి. బేస్ గిటారు సార్, పెళ్ళికూతురు తరఫోళ్ళు సూస్తన్నట్టు ఊహించుకోండి."

"నవ్వకూడదు!" అని అరిచాను.

డ్రమ్ములు తడి ఇసక మీద, నీటికి పది అడుగుల దూరంలో పెట్టించాను. వెనక రౌద్రం కావాలి కదా. అక్కడ మొదటి చిక్కు వచ్చింది. గాలి సముద్రం వైపు నుంచి వీస్తోంది. సముద్రానికి వీపు పెట్టి నిలబడితే జుట్టు వెనక్కి ఎగరదు, ముందుకొచ్చి మూతి మీద పడుతుంది. సముద్రం వైపు తిరిగితే జుట్టు బ్రహ్మాండంగా ఎగురుతుంది గానీ మొహం సముద్రానికి మాత్రమే కనబడుతుంది. ఈ రెండు నియమాలూ ఒకచోట కుదరవని యారాడలో కాకులకి కూడా తెలుసు. నేను పోలమ్మని బతిమాలి, ఆవిడ చేట తెప్పించి, కెమెరా పక్కన నిలబెట్టి మా మొహాల మీదకి విసరమన్నాను. బంగాళాఖాతం గాలికి ఎదురుగా ఒక చేట. ఆవిడ మాత్రం మనస్ఫూర్తిగా విసిరింది. ఎండు చేపల పొట్టు కూడా మనస్ఫూర్తిగానే వచ్చింది.

తర్వాత పొగ. రెండు ఇనప బాండీల్లో కొబ్బరి పీచు రాజేసి, రఫీ తెచ్చిన సాంబ్రాణి గుప్పెళ్ళతో వేశాం. పోలమ్మ చేట కింద పెట్టి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంది.

ఇక స్లో మోషన్. ఇందులో ఒక రహస్యం ఉంది, నేనెక్కడో చదివాను. పాటని రెండింతల వేగంతో పెట్టి, దానికి తగ్గట్టు మనమూ రెండింతల వేగంతో పాడాలి. తర్వాత వీడియోని సగం వేగానికి తగ్గిస్తే పెదాలు పాటతో కలుస్తాయి, కదలికలు మాత్రం గంభీరంగా ఉంటాయి. శాస్త్రం నిజమే. కానీ అది తయారయ్యేటప్పుడు ఎలా ఉంటుందో ఎక్కడా రాయలేదు. స్పీకరు బాక్సులోంచి నా గొంతు చిలక గొంతులా కీచుమంటూ వచ్చింది. మేం ముగ్గురం స్పాంజి జాకెట్లలో, తేనెటీగలు తరిమినట్టు ఊగిపోతున్నాం. రఫీ చేతులు కనబడటం లేదు.

"బాబూ, మీ పెట్టి పాడైపోనాది!" అని అరిచింది పోలమ్మ. "ఆ గుంటడి గొంతు ఎవులో నొక్కేస్తన్నారు!"

ఆ గుంటడిని నేనే.

నాలుగోసారి తీస్తుండగా పొగ దట్టమైంది. వెనక సముద్రం ఉందన్న సంగతే మర్చిపోయాం. కెమెరా వైపు కోపంగా చూస్తూ ఉండాలి, కనురెప్ప కూడా కదపకూడదని నా ఆజ్ఞ. సరిగ్గా అప్పుడు పోలమ్మ చేట పారేసి, రెండు చేతులూ ఎత్తి ఊపుతూ కేకలు మొదలుపెట్టింది.

"కెరటం! ఒరే బాబూ, కెరటం!"

నేను దాన్ని అభిమానం అనుకున్నాను. మా బ్యాండుకి దొరికిన మొదటి అభిమాని అనుకుని, ఇంకా కోపంగా చూశాను.

"సార్, ఎనక్కి..." అన్నాడు పైడిరాజు.

"కెమెరా ఆపకు!" అన్నాను.

తానొకటి తలిస్తే సముద్రం ఇంకోటి తలచింది. నడుం లోతు కెరటం వచ్చి ముగ్గుర్నీ ఇసక మీద బోర్లా పడేసింది. స్పాంజి నీళ్ళు పీల్చుకుని జాకెట్టు ఒక్కోటి బియ్యం బస్తా అయింది. లేచి చూస్తే చిన్న డ్రమ్ములు ఇసకలో కూరుకుని ఉన్నాయి. పెద్ద డ్రమ్ము లేదు.

"మామూ డ్రమ్మూ!" అని రఫీ పెట్టిన కేక మా పాట మొత్తంలో లేనంత నిజాయితీగా ఉంది.

డ్రమ్ము కెరటాల మీద పడవలా, ఏ తొందరా లేకుండా వెళ్ళిపోతోంది. ముగ్గురం పరిగెత్తాం. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినవాడి గురించి విన్నాం గానీ, డ్రమ్ము పట్టుకుని బంగాళాఖాతం ఈదబోయినవాళ్ళం మేమే. పోలమ్మ కొడుకు రాములు మా కాలర్లు దొరకబుచ్చుకుని వెనక్కి లాగాడు.

"ఏటి సేత్తన్నారు మీరు? ఇక్కడ లోపలికి లాగీసే నీరుంటాది. దిగితే డ్రమ్ము వత్తాది, మీరు రారు" అన్నాడు.

అతనే మోటారు బోటు వేసుకెళ్ళి అరగంటలో డ్రమ్ము తెచ్చాడు. ఒడ్డున దాన్ని వంచితే రెండు బకెట్ల నీళ్ళు, కొంత నాచు, బాగా చిరాకు పడ్డ ఒక పీత బయటికొచ్చాయి. రఫీ ఇసకలో కూర్చుని, "మామూకి ఏటని సెప్పాల బావా?" అన్నాడు. వాడి కళ్ళలో నీళ్ళున్నాయి. అది సముద్రం నీరని ఆ రోజు నాకు నేను చెప్పుకున్నాను.

అయిదింటికి పాత ఊళ్ళో కొట్టు ముందు మామూ డ్రమ్ముని ఒక్క దెబ్బ కొట్టాడు. 'ఢం' అనాల్సింది తడి తలగడలా 'బుస్' అంది.

"క్యా హై రే ఇది? లోపల్నించి ఇసక రాల్తా ఉంది!"

రఫీ నోరు తెరిచేలోపు నేను ముందుకెళ్ళి అంతా ఒప్పుకున్నాను. ఆ రోజు నేను చేసిన ఒకే ఒక మంచి పని అది. మామూ చివరిదాకా విని, నా జాకెట్టు నొక్కి చూసి, "ఇది ఆటో సీటే కదా?" అన్నాడు. "అవును మామూ."

"సరే. డ్రమ్ము మోగదు కాబట్టి నువ్వు మోగు" అని నా రెండు చేతుల్లోనూ గలగలమనే గిలకలు పెట్టాడు. "బ్యాండు ముందు నడుస్తావు. ఆ జాకెట్టు విప్పొద్దు. ఇంకో మాట. పెళ్ళిలో మూతి ముడుచుకుంటే పెళ్ళోళ్ళు అపశకునం అంటారు. ఊరేగింపు అయ్యేదాకా నవ్వు."

రెండు కిలోమీటర్లు, నీళ్ళు కారే స్పాంజి జాకెట్టుతో, పీత కరిచిన బొటనవేలితో, గిలకలాడిస్తూ నవ్వాను. పెళ్ళికొడుకు కంటే నా ఫొటోలే ఎక్కువ తీశారు.

వారం తర్వాత పైడిరాజు ఫోన్ చేశాడు. వాడు కెమెరా ఆపలేదట. "పెళ్ళిలో పందిరి కూలినా కెమెరా ఆపకూడదు సార్, అది మా రూలు" అన్నాడు. కెరటం దెబ్బకి మేం పడటం, డ్రమ్ము పోవడం, మేం దాని వెంట పరిగెత్తడం, అన్నీ ఉన్నాయి. స్లో మోషన్‌లో పెట్టాడు కూడా. చూసి నోరు తెరిచాను. నల్ల జాకెట్లు. చుట్టూ పొగ. ఎదురుగా రౌద్ర సముద్రం. దాని వైపు పరిగెడుతున్నాం కాబట్టి జుట్టు వెనక్కి ఎగురుతోంది. పైడిరాజు పక్క నుంచి పరిగెడుతూ తీశాడు, ఒక్కడి మొహంలోనూ నవ్వు లేదు. నా నియమాలన్నీ అక్షరాలా నెరవేరాయి.

రిసార్టుకి పంపేశాం. రెండు రోజుల్లో మేనేజరు ఫోను.

"మీ వీడియో మా వాళ్ళందరికీ విపరీతంగా నచ్చిందండీ. ఇంత స్పష్టంగా ఎవరూ తీయలేదు. మీరు ఒప్పుకుంటే వెంటనే వాడుకుంటాం."

నా గుండె డ్రమ్ములా, అంటే తడవని డ్రమ్ములా, కొట్టుకుంది. "రాక్ సాయంత్రం ఎప్పుడండీ?"

"రాక్ దేనికండీ? పాట తీసేశాం. రిసెప్షన్‌లో టీవీ పెట్టాం. గదిలో దిగేముందు ప్రతి అతిథికీ చూపిస్తాం. కింద ఒక్క లైను రాయించాం: 'సముద్రం దగ్గర ఇలా చేయరాదు.'"

కనుక సింహాద్రి అప్పన్న సాక్షిగా, స్థిరచిత్తంతో, పొడి బట్టలతో ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మరి వీడియో డైరెక్టు చేయను. ఒకవేళ చేయాల్సి వస్తే ఆటోలోనే తీస్తాను. ఆ ఆటోని కూడా, కెరటం వచ్చి అడిగినా సరే, గాజువాక దాటనివ్వను.