శాక్రమెంటో ఒప్పందం

మా పై వాటాలో ఉండే పిల్ల నన్ను శనివారం శాక్రమెంటో తీసుకెళ్తానని మాట ఇచ్చింది. తీసుకెళ్లలేదు. నేను తయారై కింద పోస్టుడబ్బాల పక్కన బెంచీమీద కూచుని ఉండగా, నా కళ్లముందే కారు తీసుకుని వెళ్లిపోయింది. పైగా అద్దం దించి చెయ్యి ఊపింది.

"బై తాతగారూ! హావ్ ఎ గుడ్ డే!"

కారు తిప్పుకుని వస్తుందనుకున్నాను. మా సన్నీవేల్ అపార్ట్‌మెంట్లలో కారు లోపలికి వచ్చే దారి వేరు, బయటికి పోయే దారి వేరు. వెనకనుంచి చుట్టి వచ్చి నా ముందు ఆపుతుందని లేచి నిలబడ్డాను కూడా. ఇస్త్రీ చొక్కా, దానిమీద స్వెట్టరు, చేతిలో సంచీ, సంచీలో నా మిత్రుడి కోసం కందిపొడి సీసా. కారు రాలేదు. మళ్లీ కూచున్నాను. ఎండ బెంచీమీదికి పాకింది. ఆకులు ఊదే యంత్రం వీపున తగిలించుకున్న తోటపని మనిషి వచ్చి, నా బూట్ల చుట్టూ జాగ్రత్తగా ఊది, సారీ చెప్పి వెళ్లాడు. ఇక రాదని అర్థమయ్యాక ఇంట్లోకి వచ్చాను. అల్లుడు ల్యాప్‌టాప్ ముందునుంచి తల తిప్పి, "వాకింగ్ అయిందా మామయ్యగారూ?" అన్నాడు.

అయిందన్నాను.

ఆ శనివారం తప్పితే మాకు ఇంకో రోజు లేదు. శాక్రమెంటోలో కూతురింట్లో ఆరు నెలలుగా ఉన్న నా మిత్రుడు మర్నాడే ఇండియా వెళ్లిపోతున్నాడు. ఇద్దరికీ ఎనభై దగ్గరపడింది. వాడు మళ్లీ ఇంత దూరం వస్తాడని చెప్పలేం. నన్నేమో డాక్టరు విమానం ఎక్కొద్దన్నాడు. ఒకే రాష్ట్రంలో, కారులో రెండు గంటల దూరంలో ఆరు నెలలు ఉండి ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ఫోన్లో మాత్రం తిట్టుకుంటూనే ఉన్నాం.

తిట్టుకోవడం మాకు పాత అలవాటు. జిల్లా కోర్టు వరండాలో పక్కపక్క బల్లలమీద టైపు మిషన్లు పెట్టుకుని బతికినవాళ్లం. లా కాలేజీ గడప ఇద్దరం తొక్కలేదు. ఒక ప్లీడరుగారు ఇల్లు మారుతూ పారెయ్యబోయిన ఇంగ్లీషు కాంట్రాక్టు లా పుస్తకం మా చేతిలో పడింది. దానికి అట్ట లేదు. చివరి అధ్యాయాలు చెదలు తినేశాయి. అందుకే మాట తప్పినవాడికి ఏం చేస్తారన్న సంగతి నాకు ఇప్పటికీ సరిగా తెలియదు. మాట ఎలా పుడుతుందన్నది మాత్రం కంఠతా వచ్చు. ఒకడు ప్రతిపాదించాలి. రెండోవాడు అంగీకరించాలి. ఇద్దరి మధ్యా ఏదో ఒక ప్రతిఫలం ఉండాలి. ఈ మాట కోర్టుదాకా వెళ్లగలదని ఇద్దరూ అనుకుని ఉండాలి. మధ్యాహ్నం కక్షిదారులు హోటలుకి పోయాక ఒకడు పైకి చదివేవాడు, ఇంకొకడు కాదనేవాడు.

నాకు పొగ గోళం కేసంటే ప్రాణం. ఈ గోళం వాడితే జ్వరం రాదు, వస్తే బహుమతి ఇస్తాం అని లండన్‌లో ఒక కంపెనీ పేపర్లో వేసింది. ఒకావిడ వాడింది. జ్వరం రానే వచ్చింది. కేసు వేసి గెలిచింది. నేను ఒప్పుకుంటున్నానని ఆవిడ కంపెనీకి ఉత్తరం రాయనక్కర్లేదు, చెప్పినట్టు చెయ్యడమే అంగీకారం అన్నారు జడ్జీలు.

వాడికి గుర్రం కేసంటే ప్రాణం. ఒక పెద్దమనిషి తన అన్న కొడుక్కి రాశాడు: "నీ గుర్రాన్ని ఈ ధరకి తీసుకుంటాను. నీ దగ్గర్నుంచి జవాబు రాకపోతే గుర్రం నాదే అనుకుంటాను." కుర్రాడు జవాబు రాయలేదు. కానీ మనసులో సరేననుకుని, ఆ గుర్రాన్ని వేలంలో పెట్టొద్దని వేలంపాటవాడికి చెప్పాడు. వేలంపాటవాడు మరిచిపోయి అమ్మేశాడు. బాబాయి కోర్టుకెక్కి ఓడిపోయాడు. కుర్రాడి మనసులో ఉంటే సరిపోదు, బాబాయికి తెలియజెయ్యాలి, ఊరుకుంటే అంగీకారం కాదు అన్నారు.

"ఒరేయ్, సొంతవాళ్లురా! ఆ మాత్రం ఒకరి మనసు ఒకరికి అర్థం కాదా?" అని నేను.

"అర్థమైతే కోర్టుకెందుకొచ్చార్రా?" అని వాడు.

ఇది ఇన్నేళ్లయినా తెగలేదు. ఫోన్లో తెగేది కాదు. వాణ్ని ఎదురుగా కూచోబెట్టుకుని ఒప్పించాలని నా పట్టుదల. నిజం చెప్పాలంటే ఒప్పించకపోయినా పరవాలేదు, ఎదురుగా కూచుంటే చాలు.

మా అమ్మాయి ఆ వారం ఆఫీసు పనిమీద రెడ్‌మండ్‌లో ఉంది. అల్లుడికి ఆ శనివారం ఆన్‌కాల్, ఆఫీసు పిలిస్తే పలకడానికి ఇల్లు కదలకూడదు. అతన్ని అడగడానికి నాకు నోరు రాదు, అల్లుణ్ని ఎవరడుగుతారు? ఇలా ఉండగా బుధవారం సాయంత్రం పోస్టుడబ్బాల దగ్గర పై వాటా పిల్ల కనిపించింది. ఇక్కడే పుట్టి పెరిగింది, ఈమధ్యే ఉద్యోగంలో చేరింది. మంచి పిల్ల.

"తాతగారూ, మీ ఫ్రెండ్ సండే ఇండియా వెళ్లిపోతున్నారంట కదా, ఆంటీ చెప్పింది. నేను సాటర్డే మార్నింగ్ శాక్రమెంటో డ్రైవ్ చేస్తున్నా. మా ఫ్రెండ్‌ది బేబీ షవర్. మీరు వస్తారా? ఈవెనింగ్ మళ్లీ తీసుకొచ్చేస్తా."

ఇంత స్పష్టమైన ప్రతిపాదన నేను పుస్తకంలో కూడా చదవలేదు. రోజు, వేళ, ఊరు, తిరుగు ప్రయాణం, అన్నీ ఉన్నాయి.

"ఎందుకమ్మా నీకు శ్రమ," అన్నాను.

"శ్రమ ఏం లేదు. నేను ఎలాగూ వెళ్తున్నా కదా."

"అబ్బే, వద్దులే తల్లీ. స్నేహితురాళ్లతో సరదాగా వెళ్తావు. మధ్యలో ఈ ముసలాడెందుకు?"

"ఫ్రెండ్స్ ఎవరూ రావట్లేదు, నేను ఒక్కదాన్నే. ఆర్ యూ షూర్?"

"నాకేమిటమ్మా, ఇంట్లో హాయిగా ఉంటాను."

"ఓకే తాతగారూ!" అని మెట్లెక్కి వెళ్లిపోయింది.

నేను తేలిక మనసుతో ఇంటికొచ్చి చొక్కా ఇస్త్రీ చేసుకున్నాను. కందిపొడి కొట్టి పెట్టాను. శనివారం ఏం జరిగిందో ముందే చెప్పాను.

శనివారం సాయంత్రం ఆ కారు తిరిగొచ్చిన చప్పుడు వినగానే పైకి వెళ్లి తలుపు తట్టాను. ఆ పిల్లే తీసింది. చేతిలో ఇంకా నీలం బెలూను ఉంది.

"ఇదేనా అమ్మా నీ మాట?" అన్నాను. "పొద్దున్నుంచీ బెంచీమీద కూచున్నాను."

"నా కోసమా?" దాని మొహం పాలిపోయింది. "తాతగారూ, మీరు నో అన్నారు కదా!"

"ఎప్పుడన్నాను?"

"మెయిల్‌బాక్స్ దగ్గర! నేను మళ్లీ అడిగాను. షూరా అని కూడా అడిగాను."

"అలా అంటారమ్మా. ఎవరైనా అంటారు."

"అంటే... నో అంటే యెస్సా? మాకు కిండర్‌గార్టెన్ నుంచీ నేర్పిందే అది తాతగారూ. నో అంటే నో."

లోపల్నుంచి వాళ్లమ్మ గరిటెతో సహా వచ్చింది. "పెద్దవాళ్లు అడగ్గానే సరే అంటారటే? ఇంకోసారి అడగొద్దూ!"

"ఇంకా ఎన్నిసార్లు మమ్మీ? నంబర్ చెప్పు."

"నంబరేమిటే నీ మొహం. తెలుస్తుంది, అంతే. కూచోండి బాబాయిగారూ, కాఫీ తెస్తాను."

"వద్దమ్మా, ఇప్పుడే తాగి వచ్చాను."

ఆవిడ వంటింట్లోకి వెళ్లింది. వెంటనే కాఫీ వచ్చింది. నేను అందుకుని తాగుతున్నాను. ఆ పిల్ల కప్పుకేసీ నాకేసీ మార్చి మార్చి చూసింది.

"సీ! వద్దన్నారు. తాగుతున్నారు!"

"అది కాఫీ," అన్నాను.

అది బెలూను పక్కన పెట్టి, కాస్త ఆలోచించి, కారు తాళాలు చేతిలోకి తీసుకుంది. "తాతగారూ, ఇప్పుడు వెళ్దామా? ఇంకా ఏడు కూడా కాలేదు. మీ ఫ్రెండ్‌ని చూసి వచ్చేద్దాం. ప్రామిస్."

నా గుండె ఒక్కసారి ఎగిరింది. అదే క్షణంలో నోరు తన పని తాను చేసుకుపోయింది.

"ఇప్పుడెందుకమ్మా. పొద్దున్నుంచీ డ్రైవ్ చేసి అలిసిపోయి వచ్చావు."

ఆ పిల్ల అక్కడే నిలబడి నా మొహంలోకి చూసింది. ఇది కాఫీకి చెప్పిన వద్దా, నిజం వద్దా అని వెతుకుతోంది. వాళ్లమ్మ కూడా ఈసారి ఇంకోసారి అడగమనలేదు. చీకట్లో కూతుర్ని అంత దూరం మళ్లీ పంపడం ఆవిడకి ఇష్టం ఉండదు, అది నాకు తెలుసు. అందుకని నిజంగానే వద్దన్నానేమో. అంత అలిసిన పిల్లని చూసి వద్దన్నానేమో. ఇంకోసారి అడిగితే సరే అందామని వద్దన్నానేమో. ఎవరైనా నన్ను బోనులో నిలబెట్టి, నీ ఉద్దేశం ఏమిటని ప్రమాణం చేయించి అడిగినా నేను చెప్పలేను.

"ఓకే," అంది చివరికి, మెల్లిగా. "సారీ తాతగారూ."

ఆదివారం మధ్యాహ్నం మిత్రుడు విమానాశ్రయం నుంచి ఫోన్ చేశాడు. "రాలేదేంరా?" అన్నాడు. కారు కుదరలేదన్నాను. చుట్టూ గోల. ఏవో ఊళ్ల పేర్లు పిలుస్తున్నారు. ఆరోగ్యం జాగ్రత్త అని వాడు, మందులు మరిచిపోకు అని నేను. అంతే. గుర్రం ప్రస్తావన కూడా రాలేదు.

తర్వాత రోజుల్లో నా వ్యాజ్యాన్ని నేనే రెండు పక్కలా వాదించుకున్నాను. ప్రతిపాదనని కాదన్న క్షణాన అది చచ్చిపోతుందని పుస్తకంలో ఒక పొలం కేసు ఉంది. అమ్మేవాడు ధర చెప్పాడు, కొనేవాడు తగ్గించి అడిగాడు. కుదరకపోయేసరికి మొదటి ధరకే ఇమ్మన్నాడు. చచ్చిన ప్రతిపాదనకి అంగీకారం ఏమిటి పొమ్మన్నారు. ఆ లెక్కన ఓడిపోయింది నేనే. కానీ ఇనుము కేసు అని ఇంకోటి ఉంది. అందులో కొనేవాడు కాదనలేదు, సరుకు ఎప్పుడెప్పుడు ఇస్తావని వివరం అడిగాడంతే. వివరం అడిగితే ప్రతిపాదన బతికే ఉంటుందన్నారు. నేనూ ఆ పిల్ల శ్రమ గురించి వివరం అడిగానే గానీ ప్రయాణం కాదన్నానా? "వద్దులే తల్లీ" అన్నదాన్ని మాత్రం ఏ వివరం కింద రాసుకోవాలో తెలియలేదు.

పొగ గోళం ఆవిడలా నేను చెయ్యవలసింది చేశాను, సిద్ధమై కూచున్నాను. కానీ అది ఊరందరికీ వేసిన ప్రకటన, ఇది పోస్టుడబ్బా దగ్గర నాకొక్కడికే చెప్పిన మాట. మనసులో సరేననుకుని, చొక్కా ఇస్త్రీ చేసుకుని, చెప్పవలసిన మనిషికి చెప్పకుండా ఊరుకున్నవాణ్ని చూస్తే అచ్చం గుర్రం కుర్రాడిలా ఉన్నాను. ఈ సంగతి నా మిత్రుడికి చెప్పడం నాకు ఎంత కష్టమో దేవుడికి తెలియాలి.

కౌలు రైతు కేసు ఒక్కటే నన్ను కొంచెం నిలబెట్టింది. పత్రంలో రాసుకోకపోయినా ఆ ప్రాంతపు వాడుక ఒప్పందంలో భాగమే అన్నారు. మా వాడుకలో మొదటి వద్దు వద్దు కాదు. ఇది పుట్టినప్పట్నుంచీ ఎరిగిన సంగతి. అయితే ఏ ప్రాంతం? మా జిల్లానా, సన్నీవేలా? ఈ అపార్ట్‌మెంట్లలో సగం మంది మనవాళ్లే, సాయంత్రమైతే ప్రతి కిటికీలోంచీ పోపు వాసన వస్తుంది. మరి ఇక్కడి వాడుక ఎవరిది? వాళ్లమ్మది ఒకటి, కూతురిది ఒకటి. ఒకే గుమ్మంలో రెండు.

ఇవన్నీ అలా ఉండగా, భర్త సిలోన్‌లో ఉద్యోగానికి వెళ్తూ భార్యకి నెలనెలా పంపుతానని చెప్పి పంపని కేసు ఒకటి ఉంది. ఇంట్లోవాళ్ల మధ్య ఆప్యాయంగా అనుకున్న మాటలు కోర్టు చూడదన్నారు. అది చదివిన రోజు ఎంత కోపం వచ్చిందో ఇప్పుడూ అంతే వచ్చింది. ఊరూ పేరూ తెలియనివాడు అన్న మాటకి కోర్టు ఉంది. మనవాళ్లు అన్న మాటకి మాత్రం లేదు. అయితే ఆ పిల్ల నాకు మనవాళ్ల లెక్కా, పరాయి లెక్కా? తాతగారూ అంటుంది, కాఫీ కప్పుకేసి అలా చూస్తుంది.

చివరికి మొత్తం కేసు నా వైపుదీ ఆ పిల్ల వైపుదీ ఏమీ దాచకుండా, ఫోన్లో రికార్డు చేసి మిత్రుడికి పంపాను. పాత అలవాటు ప్రకారం తీర్పు చెప్పమన్నాను. చాలా రోజులు జవాబు లేదు. నేను పంపినదాని పక్కన, విన్నట్టు నీలం టిక్కులు మాత్రం పడ్డాయి. గుర్రం సంగతి విని నవ్వుకుంటున్నాడనుకున్నాను. మొన్న ఉదయం వాడి గొంతు వచ్చింది. వాడన్నది అన్నట్టే రాస్తున్నాను:

"ఒరేయ్, నువ్వు పంపిందంతా విన్నాను. తీర్పు చెప్పడానికి నాకు మొహం లేదురా. అక్కడికొచ్చిన కొత్తలో మా అల్లుడు ప్రతి శుక్రవారం అడిగేవాడు, రేపు సన్నీవేల్ తీసుకెళ్లనా మామయ్యగారూ అని. వారమంతా కష్టపడి ఒక్కరోజు పడుకుంటావు, ఎందుకు బాబూ అనేవాణ్ని. అని, శనివారం పొద్దున్నే గడ్డం గీసుకుని కూచునేవాణ్ని. కొన్నాళ్లకి అతను అడగడం మానేశాడు. నీకు చెప్పలేకపోయాను. ఆ పిల్లనేమీ అనకు. ఇప్పుడు అసలు సంగతి విను. మా అమ్మాయి వచ్చే వేసవికి మళ్లీ టికెట్టు కొంటానంటోంది. ఈ వయసులో నాకెందుకమ్మా అన్నాను. సరే నాన్నా, నీ ఇష్టం అని పెట్టేసింది. నిజంగానే ఊరుకుంటుందేమోనని భయంగా ఉందిరా. నువ్వోసారి దానికి ఫోన్ చేసి, మీ నాన్న వస్తాడటమ్మా అని చెప్పు. నేను చెప్పమన్నానని కూడా చెప్పు."