బావ నేర్పిన పరుగు

అతని కొట్టులో ఇద్దరు పట్టరు. ఒక ఇనుప దిమ్మె, ఒక స్టూలు, మైనం పూసిన దారం, తోలుకు బెజ్జాలు పొడిచే ఆరె. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వంగి కూర్చుని బూట్లు బాగుచేస్తాడు. చిన్నప్పుడు పొట్టి అడుగులతో టకటకా పరిగెత్తేవాడని వీధిలో అందరూ పిచ్చుక అన్నారు. పాతికేళ్ళొచ్చినా ఆ పేరు వదల్లేదు.

ఫైర్ స్టేషన్‌లో ఒకే ఒక్క ఖాళీ పడింది. పదహారు వందల మీటర్ల పరుగులో ముందొచ్చినవాడికే ఉద్యోగం. వంగిన వెన్ను నిటారు చేసుకోవడానికి పిచ్చుకకు కనిపించిన దారి అదొక్కటే.

అక్క మొగుడు వ్యాను డ్రైవరు. బడిలో పరుగుపందేలు గెలిచినవాడు. అడక్కుండానే నేర్పడానికి ముందుకొచ్చాడు. రోజూ తెల్లారేసరికి మైదానంలో ఉండేవాడు.

"పిచ్చుక గెంతులు చాలించు బామ్మర్దీ. పొట్టి అడుగేస్తే పొట్టి జీతమే. కాలు బారుగా చాపు, మడమ ముందు పడాలి."

"మోకాలు లాగేస్తోంది బావా."

"కొత్త పద్ధతి కదరా, అలవాటు పడాలి. కొత్త బూటు కరవదూ? ఇదీ అంతే."

"నువ్వు కూడా పరిగెత్తొచ్చుగా ఆ ఉద్యోగానికి?"

"నాకెందుకురా? కూర్చుని తినే మొహం నాది."

మూడు నెలలు అలాగే గడిచాయి. గడియారం బావ చేతిలోనే ఉండేది. రోజురోజుకీ టైము తగ్గుతోందని అతను చెప్పేవాడు, పిచ్చుక నమ్మేవాడు.

పరీక్షకు ముందురోజు అక్క ఒక సంచి తెచ్చింది.

"మీ బావ బూట్లురా. పక్కన కుట్టు ఊడింది. సాయంత్రానికల్లా కావాలంట."

పిచ్చుక అలవాటుగా బూటు తిరగేశాడు. మడమ దగ్గర సోలు కొత్తదానిలా ఉంది. ముందు భాగం మాత్రం గీతలన్నీ చెరిగిపోయి నున్నబడింది. రోజంతా వ్యానులో కూర్చునేవాడి బూటు అలా అరగదు. వారాల తరబడి పరిగెత్తితేనే అరుగుతుంది. అదీ కాలు ఒంటి కిందే పడేలా, పొట్టిగా, వేగంగా. తను మానేసిన పరుగే అది. కాలు ఒంటికి ముందు చాపి మడమ మోపితే ప్రతి అడుగూ ఒక బ్రేకే. వ్యాను నడిపేవాడికి బ్రేకంటే తెలియదా?

"బావ ఎప్పుడు పరిగెత్తుతున్నాడక్కా?"

అక్క ఖాళీ సంచిని నాలుగు మడతలు పెట్టింది. "సాయంత్రాలు. పని దిగాక."

"రేపు వస్తున్నాడా?"

"ఇద్దరు పిల్లలురా. ఆ వ్యాను పని ఎన్నాళ్ళుంటుందో తెలీదు. నువ్వంటే ఒంటిగాడివి."

"నీకు మొదట్నుంచీ తెలుసు."

"మోకాలు నొప్పన్నావే, ఆ రోజు చెబుదామనే అనుకున్నా."

తడిగుడ్డతో గొంతు కోసేవాళ్ళ గురించి విన్నాడు గానీ, ఆ గుడ్డ తడిపిచ్చింది తోబుట్టువని ఆ పూటే తెలిసింది. కుట్టు కాస్త వదులుగా వేస్తే రేపు మైదానంలో రెండో చుట్టులోనే బూటు విడిపోతుంది. ఆ ఆలోచన రాకపోలేదు. కానీ దారం లాగేటప్పుడు చెయ్యి ఆగలేదు. రెండు వరసలు గట్టిగా కుట్టి ఇచ్చేశాడు. అది మంచితనం కాదు. దొంగకుట్టు వెయ్యడం అతనికి ఎవరూ నేర్పలేదు.

మర్నాడు నాలుగు చుట్ల పరుగు. మొదటి రెండు చుట్లు పంతం పట్టి పాత పద్ధతిలోనే పరిగెత్తాడు. మూడో చుట్టులో ఆయాసం రాగానే కాళ్ళు మాట వినలేదు. మూడు నెలలు నేర్చినదే చేశాయి. బారుగా చాచుకుని మడమ మీద దభీదభీమని పడసాగాయి. బావ పొట్టి అడుగులతో టకటకా పక్కనుంచి దాటిపోయాడు. పదకొండు సెకన్ల తేడా. పిచ్చుక రెండోవాడు. రెండోవాడికి ఉద్యోగం లేదు.

బావ రొప్పుతూ వచ్చి భుజమ్మీద చెయ్యి వేశాడు. "చివర్లో భుజాలు బిగించేశావురా. అక్కడే పోయింది."

పిచ్చుక ఆ చెయ్యి తీసేశాడు. "నీ బూట్లు ఇక మీదట ఇంకెక్కడైనా కుట్టించుకో బావా. అక్క చెప్పులు కూడా."

కంచె అవతల అక్క చిన్నదాన్ని చంకనేసుకుని నిలబడి ఉంది. ఇంటికి దగ్గర దారి ఆ వైపే. అతను మైదానం మొత్తం దాటుకుని అవతలి గేటులోంచి వెళ్ళిపోయాడు.