సున్నా మీద ముప్పై కిలోమీటర్లు

హైవే హోటళ్ళలో టీ కప్పులు ఏటేటా చిన్నవవుతున్నాయి. మొన్న నందిగామలో ఇచ్చినదైతే దగ్గుమందు మూతకంటే కాస్త పెద్దది, అంతే. కంటికి కనిపించే టీనే అనుమానించేవాణ్ణి, కనిపించని దెయ్యాలను ఎందుకు నమ్ముతాను? డిగ్రీలో ఫిజిక్స్ చదివాను. పాసయ్యాను కూడా.

మా బావ మస్తాన్ జగ్గయ్యపేటలో ఒక డాక్టరుగారి దగ్గర డ్రైవరు. ఆయన ఊరు మారుతూ తన పాత ప్లగిన్ హైబ్రిడ్ కారును బావకి వదిలేశారు. ఇంట్లో ప్లగ్గు పెట్టి చార్జ్ చేస్తే ఓ యాభై కిలోమీటర్లు చప్పుడు లేకుండా కరెంటు మీద పోతుంది. అదయిపోతే పెట్రోలు ఇంజను అందుకుంటుంది.

బావకి ఒక పద్ధతి ఉండేది. విజయవాడ ప్రయాణమంటే చార్జి దాచే బటన్ నొక్కేసి, పోయేటప్పుడు దారంతా, వచ్చేటప్పుడు నందిగామ దాకా పెట్రోలు మీదే నడిపేవాడు. దాచిన కరెంటంతా తిరుగు దారిలో నందిగామ నుంచి ఇంటిదాకా. కారణం నాలుగేళ్ళ కూతురు ఆసియా. ఇంజను చప్పుడుంటే కన్ను మూయదు.

"నందిగామ దాకా పెట్రోలు తాగనీ బామ్మర్దీ. అక్కణ్ణించి మేడంగారి నిద్ర టైము," అనేవాడు.

బావ గుండెపోటుతో పోయాడు. అప్పట్నుంచి పిల్లకి నిద్ర లేదు. గంట పడుకుని, లేచి, గుమ్మం వైపు చూస్తూ కూర్చునేది. ఊళ్ళో ఇచ్చిన సిరప్ పనిచేయలేదు. కథలు చెప్పే నేనూ పనిచేయలేదు.

నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన అయ్యాక, అక్కనీ పిల్లనీ ఆ కార్లోనే విజయవాడ పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. బటన్ సంగతి మర్చిపోయాను. కంచికచర్ల దాటేసరికి బ్యాటరీ సున్నా. విజయవాడలో చార్జింగ్ పెట్టే వీలు దొరకలేదు.

మధ్యాహ్నం మూడింటికి తిరిగి బయల్దేరాం. ఇంజను మోత, వెనక సీట్లో పిల్ల ఏడుపు. అక్క పిల్లని ఒళ్ళోకి లాక్కుని జోకొడుతోంది. నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

నందిగామ దాటగానే ఇంజను ఆగింది. చెడిపోయిందనుకుని పక్కకి తీయబోయాను. కారు మాత్రం పోతూనే ఉంది. వేగం అరవై. చార్జి సున్నా. టైర్ల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. కాసేపటికి ఏడుపూ ఆగింది. అద్దంలో చూస్తే ఆసియా అక్క ఒళ్ళో నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

చిల్లకల్లు దగ్గర మలుపు తిరిగినా, జగ్గయ్యపేటలో ఆటోల మధ్య ఇరుక్కున్నా ఇంజను అందుకోలేదు. పిల్లని ఎత్తుకుని లోపల పడుకోబెట్టాం. మర్నాడు పొద్దున దాకా కదల్లేదు.

వాకిట్లో మీటరు ఫొటో తీశాను: చార్జి సున్నా, ఇంజను లేకుండా వచ్చిన దూరం ముప్పై కిలోమీటర్లు. సర్వీసు సెంటరు కుర్చీలో ఉన్నాయన దాన్ని పెద్దది చేసి చూసి, "సున్నా మీద అంత దూరం రాదండి. మీరు చార్జితో నడిపిన రోజెప్పుడో తీసుంటారు," అన్నాడు. మీటరు చెడిపోయిందేమో చూడమన్నాను. చూశారు. బాగానే ఉందట.

మరుసటి వారం బ్యాటరీ ఖాళీ చేసి, అదే దారిలో, అదే వేళకి ఒక్కణ్ణే వచ్చాను. నందిగామ నుంచి ఇంటిదాకా ఇంజను ఒక్క నిమిషం నోరు మూయలేదు. ఎందుకో ఇప్పటికీ నాకు తెలియదు.

అక్కకి చెప్పాలా వద్దా అని కొన్నాళ్ళు తటపటాయించి, చివరికి చెప్పాను. పిల్ల బట్టలు మడతపెడుతూ మొత్తం వింది.

"పిల్ల నిద్ర గుర్తుంది ఆయనకి, మంచిదే," అంది. "నేనూ పడుకోవట్లేదని ఆయనకి ఎవరూ చెప్పలేదా?"