మస్తాన్ సాబు మూడో కుండ

పదవీ విరమణకు ఆరేళ్ళ ముందు, జూన్ నెల బదిలీల్లో నన్ను తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా హిందూపురంలో వేశారు. పెనుకొండ, ధర్మవరం అప్పటికి ఖాళీగా ఉండడంతో ఆ రెండూ అదనపు బాధ్యతగా నా నెత్తినే పడ్డాయి. మూడు ఊళ్ళకూ నేనొక్కణ్ణే ఇన్‌స్పెక్టర్ని, రిపేరరు కూడా ఒక్కడే. అతని పేరు మస్తాన్ సాబు. పెనుకొండలో బస్టాండు వెనక చిన్న దుకాణం. వయసు అరవై దాటింది.

రిపేరరంటే ఎవరో చెప్పాలి. ఇనుప తూకం రాయిని తిరగేసి చూస్తే అడుగున ఒక గుంత, అందులో సీసం, ఆ సీసం మీద ముద్ర కనిపిస్తాయి. వాడగా వాడగా రాయి అరిగి బరువు తగ్గుతుంది. అప్పుడు గుంతలో ఇంకాస్త సీసం కరిగించి పోసి సరిచేయాలి. ఆ పని లైసెన్సు ఉన్న రిపేరరే చేయాలి. అతను సరిచేసిన రాయిని ఇన్‌స్పెక్టరు తన దగ్గరున్న ప్రమాణ రాళ్ళతో త్రాసులో పోల్చి, తేడా హద్దులో ఉంటే సీసం మీద ముద్ర కొడతాడు. రెండేళ్ళకొకసారి ప్రతి అంగడివాడూ ఈ ముద్ర వేయించుకోవాలి. పోసేవాడు ముద్ర కొట్టకూడదు, కొట్టేవాడు పోయకూడదు. రిపేరరు ఏ సామాను ఎక్కడ కొనాలో ఇన్‌స్పెక్టరు చెప్పకూడదు కూడా. ఈ చివరి నియమాన్ని నేనెంత చక్కగా పాటించానో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ముద్రల కోసం ఊరూరా క్యాంపులు పెడతాం. హిందూపురం క్యాంపు పెద్దది. మడకశిర వైపు నుంచి కూడా వ్యాపారులు వస్తారు. మేము అద్దెకు తీసుకునే షెడ్డు ఒక పట్టుగూళ్ళ వ్యాపారిది. ఆ ఏడు ఆయన, షెడ్డు ఇస్తాను గానీ లోపల నిప్పు రాజేస్తే ఒప్పుకోనన్నాడు. పక్క గదిలో ఎండిన పట్టుగూళ్ళు తట్టలకొద్దీ ఉన్నాయి మరి, ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. మస్తాన్ సాబు ముప్పై ఏళ్ళుగా బొగ్గుల పొయ్యి మీద ఇనుప మూకుడు పెట్టి సీసం కరిగించి గరిటెతో పోసేవాడు. నిప్పు లేకపోతే అతనికి పని లేదు. వేరే షెడ్డు చూద్దామంటే ఆ సీజనులో ఊళ్ళో దొరకలేదు.

అదే నెలలో అతని లైసెన్సు రెన్యువలుకు వచ్చింది. క్యాంపులో పనిచేయడానికి తగిన సామాను రిపేరరు దగ్గర ఉందో లేదో చూసి నేను రిపోర్టు పంపాలి. లేదని రాస్తే లైసెన్సు ఆగిపోతుంది. అతనికి వేరే పని రాదు. ఇంట్లో భార్య, భర్త పోయిన కూతురు, ఆమె ఇద్దరు పిల్లలు, అందరూ ఆ గరిటె మీదే బతుకుతున్నారు. క్యాంపుకు నెల గడువుంది. కరెంటుతో సీసం కరిగించే కుండ ఒకటి చూసుకోవయ్యా అన్నాను. ఏది కొనమంటారని అడిగాడు. అది నేను చెప్పకూడదన్నాను. ఆ మాట మీద నేను వారం రోజులు కూడా నిలబడలేదు.

మొదటి కుండ అతని బావమరిది బెంగళూరు నుంచి తెచ్చాడు. చూడ్డానికి ముచ్చటగా, మెరుస్తూ ఉంది. చేపల గాలాలకు కట్టే సీసం గుండ్లు పోసుకునేవాళ్ళు వాడేదట. అడుగున ముక్కు, పైన మీట. మీట ఎత్తితే సీసం ధారగా పడుతుంది, దించితే ఆగుతుంది. అంటే ఆగాలి. కరిగిన సీసం మీద తేలే తెట్టు ఎప్పుడో ఒకప్పుడు ముక్కులోకి దిగి ఇరుక్కుంటుంది, ఆ తర్వాత మీట దించినా చుక్క చుక్కగా కారుతూనే ఉంటుంది. రెండో రోజుకు దుకాణం బల్ల మీద సీసం బిళ్ళలు రాలి పడి ఉన్నాయి. నాలుగో రోజుకు కాయిల్ కాలిపోయింది. పెనుకొండలో కరెంటు పొద్దున నీరసంగా ఉంటుంది, మధ్యాహ్నం ఉన్నట్టుండి తన్నుకొస్తుంది. ఆ కుండ దానికి తట్టుకునే రకం కాదు. అమ్మినవాడికి ఫోను చేస్తే, కుండ ఖాళీగా ఉన్నప్పుడు స్విచ్చి వేసుంటారని మా మీదే పెట్టాడు. నిజానికి ఒకసారి వేశాం కూడా. అయినా ఒళ్ళు మండింది.

రెండోది ధర్మవరంలో ఒక వెల్డరు చేసిచ్చాడు. మగ్గాల సామాను బాగుచేసే మనిషి, చేతిపని గట్టిదని అందరూ చెప్పారు. పలుచటి రేకును గుండ్రంగా వంచి, అతుకు వేసి, కింద ఇంట్లో వాడే కరెంటు పొయ్యి కాయిల్ బిగించాడు. పావుగంటలో అడుగు ఎర్రబారింది, పైన సీసం మాత్రం గడ్డగానే ఉంది. మూడో వేడికి అతుకు విచ్చింది. నేను ధర్మవరం డ్యూటీ మీద వెళ్ళినప్పుడల్లా ఆ వెల్డరు ఎదురుపడి, ఇంకో అతుకు వేస్తే చాలు సార్ అనేవాడు. అతనికి దణ్ణం పెట్టి తప్పించుకు తిరిగాను. ఈలోగా ఆఫీసులో గుమాస్తా నుంచి టీ కొట్టువాడి దాకా ప్రతివాళ్ళూ కుండల మీద పండితులైపోయారు. ఒకరు ఇత్తడి అన్నారు, ఒకరు మట్టి మూస అన్నారు. క్యాంపుకు పన్నెండు రోజులుంది.

ఇక లాభం లేదని నేనే ఒక కాగితం తీసుకుని కూర్చున్నాను. కుండ పోత ఇనుముదై, వేలి మందం ఉండాలి. కాయిల్ అడుగున గాక చుట్టూ పట్టీలా ఉండాలి, కాలితే అదొక్కటే మార్చుకునే వీలుండాలి. వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ కుండకు దూరంగా, వేరే పెట్టెలో ఉండాలి. ముక్కు వద్దు, గరిటెతో తోడి పోసుకోవాలి. పీట వెడల్పుగా ఉండాలి, ఎర్తు తీగ తప్పనిసరి. కుండకూ పై డబ్బాకూ మధ్య వేడి ఆపే దట్టమైన పొర ఉండాలి, బయట చెయ్యి వేసినా కాలకూడదు. ఈ చివరిదాని కింద రెండు గీతలు గీశాను. సిఫారసు చేయలేదని మనసుకు చెప్పుకుని, ఆ కాగితాన్ని మస్తాన్ సాబు చేతిలో పెట్టాను.

హిందూపురంలో చిన్న ఫర్నేసులు చేసేవాళ్ళ దగ్గర అచ్చం అలాంటి కుండ దొరికింది. పెనుకొండ దుకాణంలో మూడు రోజులు పరీక్షించాం. కరెంటు ఎగిరినా పడినా అది చలించలేదు. సీసం మూడు వందల ముప్పై డిగ్రీల దగ్గర కరుగుతుంది. దానికి కాస్త పైన ముల్లు పెడితే గంటల తరబడి అక్కడే నిలిచింది. డబ్బా మీద అరచెయ్యి ఆనించి, చూశావా, గోరువెచ్చగా కూడా లేదు అని మస్తాన్ సాబుకు గొప్పగా చూపించాను. సామాను తగినదే అని రిపోర్టు పంపాను. నిప్పు లేదు, పొగ లేదు, షెడ్డు యజమానీ సంతోషించాడు.

క్యాంపు రోజు మొదటి గంట హాయిగా సాగింది. తర్వాత మడకశిర నుంచి వచ్చిన సరోజమ్మ అనే కిరాణా అంగడి ఆమె రాళ్ళు వంతుకొచ్చాయి. రెండు కేజీల రాయి తేలిక తూగింది. మస్తాన్ సాబు దాన్ని తిరగేసి, పాత సీసం అంచు తొలిచి, గరిటెతో కొత్త సీసం పోశాడు. టపాకాయ పేలినట్టు చప్పుడైంది. సీసం చిమ్మి అతని కుడి మణికట్టు మీదా వేళ్ళ మీదా పడింది. కళ్ళద్దాల మీద రెండు చుక్కలు అతుక్కున్నాయి. అద్దాలే లేకపోతే అతని కళ్ళు పోయేవి.

కరెంటు కుండ పేలిందని షెడ్డంతా గోల. కుండ నిక్షేపంగా ఉంది, అందులో సీసం అలాగే నిలకడగా ఉంది, అయినా వినేవాళ్ళెవరు? యజమాని మెయిన్ ఆపేశాడు. క్యాంపు ఆగింది. నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు, అదీ చెయ్యి కాల్చుకున్న మనిషి మీద. చేతికి తొడుగులు వేసుకోమని వంద సార్లు చెప్పాను, వింటేనా అని అందరి ముందూ అరిచాను. అతను బకెట్ నీళ్ళలో చెయ్యి పెట్టుకుని, గడ్డంతో రాయి వైపు చూపించాడు. మెల్లగా అన్నాడు.

"కుండ తప్పు గాదు సార్. ఆ రాయి సూడండి, పసుపుండాది."

తీసి చూశాను. అంచున పసుపు, కుంకుమ, ఇంకా తడిగానే ఉన్నాయి. సరోజమ్మను అడిగితే, పొద్దున్నే కొళాయి కింద కడిగి పూజ చేసి తెచ్చానంది.

"గవర్నమెంటు ముద్ర పడే రాళ్ళు గదా సార్, మురికిగా ఎట్ల తెచ్చేది?"

ఆమెనేమంటాను? రాళ్ళు శుభ్రపరచి తేవాలని క్యాంపు నోటీసులో అచ్చు వేయించింది నేనే. షెడ్డులో గోడ వెంట ఉన్న సిమెంటు కట్ట మీద వంతు కోసం పెట్టిన రాళ్ళన్నీ తిరగేశాను. సగానికి పైగా పసుపు పూసుకునే ఉన్నాయి. పాత సీసానికీ ఇనుముకూ మధ్య సందులో నీటి చుక్క నిలిస్తే, మీద పోసిన సీసం వేడికి అది ఒక్కసారిగా ఆవిరై సీసాన్ని ఎగజిమ్ముతుంది. ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన విషయమే. మరి ముప్పై ఏళ్ళుగా ఇదే పూజ, ఇదే పసుపు. ఒక్కసారి కూడా ఎందుకు చిమ్మలేదు? అదే అడిగాను. మస్తాన్ సాబు కుండ డబ్బా మీద ఎడమ అరచెయ్యి ఆనించి చూశాడు.

"పొయ్యి ఉన్నప్పుడు వంతు రాళ్ళన్నీ దాని సుట్టూ పెడతాంటి సార్, వరస తప్పకుండా. ఆ సెగకు ఆరిపోతాన్నట్లుండాది. ఇన్నేండ్లూ నాకూ తెల్దు."

ఆ రోజు రాళ్ళు చల్లటి కట్ట మీద వరసగా ఉన్నాయి. కుండ పక్కన పెట్టుకున్నా ఫలితం ఉండేది కాదు. బయటికి సెగ రానివ్వని కుండే కావాలని రెండు గీతలు గీసింది నేను.

సాయంత్రం పై అధికారి ఫోను చేసి ప్రమాదం మీద రిపోర్టు మర్నాటికి కావాలన్నారు. ఆ ఫారంలో కారణం అనే గడి ఉంటుంది. అందులో నేను మొదట రాసింది రిపేరరు అజాగ్రత్త అని. ఆ మాట దాచను. అలా రాస్తే నా మీదికి ఏమీ రాదు, తడి చూసుకోవడం రిపేరరు బాధ్యతేనని నియమాల్లో ఉంది కూడా. అతని లైసెన్సు మాత్రం పోతుంది. చేతికి కట్టు కట్టించుకుని వచ్చిన మస్తాన్ సాబు ఎదురుగా బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఆ ఫారం చించేసి ఇంకోటి తీశాను. కుండను ఇన్‌స్పెక్టరే ఎంపిక చేశాడని, పాత పద్ధతిలో పొయ్యి సెగకు రాళ్ళు ఆరేవన్న సంగతి గమనించకుండా పొయ్యిని తీయించాడని, రాళ్ళు శుభ్రపరచి తెమ్మన్న నోటీసూ అతనిదేనని రాసి సంతకం పెట్టాను.

సిఫారసు నియమం మీరినందుకు నాకు మెమో వచ్చింది. ఆ ఏడాది ఇంక్రిమెంటు ఆగింది. మస్తాన్ సాబు లైసెన్సు ఒక షరతుతో రెన్యువలైంది: పోసే ముందు ప్రతి రాయినీ వేడి పలక మీద ఆరబెట్టాలి. అతను ఇంట్లో రొట్టెల పెనం తెచ్చి, ధర్మవరం వెల్డరు చేసిన కుండలోంచి కాయిల్ పీకి దాని కింద బిగించాడు. కుడిచేతి రెండు వేళ్ళు మాత్రం పూర్తిగా ముడుచుకోలేదు. గరిటె ఎడమ చేతికి మార్చుకున్నాడు. నేను రిటైరయ్యే నాటికి ఆ మూడో కుండలో కాయిల్ రెండుసార్లు మారింది. కుండ అదే.

కొత్త సామాను కొనేటప్పుడు అది ఏమేం చేయాలో అందరం రాసుకుంటాం, నేనూ రాశాను. తీసేస్తున్న పాతది ఏమేం చేస్తోందో కూడా అదే కాగితం మీద రాసుకోవాలి. మన కంటికి కనిపించకుండా అది చేసే పని ఒకటి ఉండొచ్చు. దాన్ని కనుక్కోవాలంటే అధికారి కుర్చీలోంచి లేచి పొయ్యి పక్కన ఒక పూట కూర్చోవాలి. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఎన్నో క్యాంపులు పెట్టాను గానీ, ఆ పూట కూర్చోలేదు.