కదిలిన లంక

విమానం తలుపు తీయగానే వేడి ముఖానికి కొట్టింది. మార్చి నెల. దక్షిణ సూడాన్‌లో వానలకు ముందు కాలం. రన్‌వే ఎర్రమట్టి. అక్కడి నుంచి హెలికాప్టరులో ఉత్తరానికి రెండు గంటలు. కింద నల్లరేగడి నెర్రెలు విచ్చి ఉంది. గడ్డి తగలబెట్టిన చోట నేల మసి పూసినట్టుంది. ఆ మసి మీదుగా జింకలు బారులు కట్టి నీటివైపు పోతున్నాయి. బారుకు మొదలు కనిపించింది, చివర కనిపించలేదు.

శాంతి పరిరక్షణ దళంలో మా బెటాలియన్‌ది ఏడాది డ్యూటీ. నేను హవల్దారుని. నీలం హెల్మెట్, బులెట్‌ప్రూఫ్ జాకెట్, దోమతెర, గమ్ బూట్లు ఇచ్చారు. క్యాంపు వైట్ నైలు పాయ ఒడ్డున ఉంది. చుట్టూ మట్టి నింపిన ఇనుపవల గోడలు.

ఆ ఏడాది గురించి మా ఊరు కొవ్వూరులో ఒక కథ ప్రచారంలో ఉంది. పాము కరిచిన తోటి సిపాయిని నేను భుజాన వేసుకుని, మొసళ్ళ మధ్య నుంచి ఈదుకుంటూ తెచ్చి బతికించానని. ఆ సిపాయి బతికిన మాట నిజం. బతికించింది నేను కాదు. బతికించిన మనిషి ఆ కథలోనే లేదు. అందుకని ఇది రాస్తున్నాను.

ముందు దేశం సంగతి చెప్పాలి. అది తెలియకపోతే నేను చేసిన తప్పు అర్థం కాదు.

క్యాంపు చెత్తగుంట చుట్టూ మనిషి భుజమెత్తు కొంగలు నిలబడి ఉండేవి. బట్టతల, గొంతు కింద వేలాడే సంచి. మా రేడియో ఆపరేటరుది రామచంద్రపురం దగ్గర పల్లె. వాటిని మొదటిసారి చూసి అన్నాడు:

"ఇయ్యేంటండీ హవల్దారు గారూ, రెండో పంక్తి ఎప్పుడు వేస్తారా అని చూస్తున్న పెద్దమనుషుల్లా ఉన్నాయి?"

తాటిచెట్లు కూడా ఉన్నాయక్కడ. మన తాడిచెట్టే, కాకపోతే మాను నడుమ ఉబ్బి ఉంటుంది. అవి కనిపించిన రోజు మా ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. "తేగలు దొరుకుతాయంటారా?" అని అతను వారం రోజులు అడిగాడు.

సాయంత్రం పశువులు ఇంటికొచ్చేవి. ఒక్కో ఎద్దు కొమ్ములు రెండు చేతులు బారచాపినంత. కాపరులు పిడకల బూడిద ఒళ్ళంతా పూసుకుంటారు. దోమలకి, ఎండకి అదే మందు. ఒక్కో కాపరి తన ఎద్దు పక్కన నడుస్తూ దాని మీద పాట పాడేవాడు. మేం కంచె ఇవతల నుంచి వినేవాళ్ళం.

మే నెలలో వానలు పడ్డాయి. ఎండిన రేగడి జిగురైంది. బూటు పెడితే బూటు ఉండిపోయి కాలొక్కటే పైకి వచ్చేది. లారీలు ఆగిపోయాయి. ఇక పడవ, లేకపోతే హెలికాప్టరు.

నదికి వరద వచ్చింది గాని మన గోదావరి వరదలా రాలేదు. మనకి ఎర్రనీరు తగలగానే తెలుస్తుంది. పోటు వస్తుంది, నాలుగు రోజులు భయపెడుతుంది, సముద్రంలోకి పోతుంది. అక్కడి నీరు నల్లగా, చప్పుడు లేకుండా పెరుగుతుంది. ఎక్కడో దక్షిణాన పెద్ద సరస్సుల దగ్గర ఎప్పుడో పడ్డ వాన అది. వచ్చిన నీరు పోదు. పల్లంలో పరుచుకుని చిత్తడిగా ఉండిపోతుంది. ఆ చిత్తడిని సుడ్ అంటారు. అడ్డంకి అని దాని అర్థమట. అందులో పెరిగేది పాపిరస్. మన తుంగ జాతే, కానీ మనిషికి రెండింతల ఎత్తు. దాని చుట్టూ గుర్రపుడెక్క. కాలవల్లో చిన్నప్పటి నుంచి చూసిందే కాబట్టి మాకు అది చుట్టంలా కనిపించింది.

చుట్టంలా కనిపించడమే మా కొంప ముంచింది.

సెప్టెంబరులో ఒక ఉదయం కెప్టెన్ గారు ఆర్డరిచ్చారు. ఎగువన చేపలవాళ్ళ గూడెం ఉంది, ఇళ్ళు మునిగాయేమో చూసి మధ్యాహ్నం భోజనానికి వెనక్కి రావాలి. రెండు రబ్బరు బోట్లు. మొదటిదాంట్లో కెప్టెన్ గారు, దుబాసీ, ఇద్దరు జవాన్లు. రెండోదాంట్లో నేను, రేడియో ఆపరేటరు, బోటు డ్రైవరు.

బోటు డ్రైవరుది రాజస్థాన్. ఈత, పడవ రెండూ పటాలంలోనే నేర్చుకున్నాడు. నన్ను ఉస్తాద్ అనేవాడు. నాకూ రేడియో ఆపరేటరుకీ కలిపి 'పానీవాలే', అంటే నీళ్ళవాళ్ళు, అని పేరు పెట్టాడు. నీళ్ళ గురించి ఏ అనుమానం వచ్చినా మమ్మల్నే అడిగేవాడు. మేమూ అడిగినా అడక్కపోయినా చెప్పేవాళ్ళం.

పాయలో నీటిగుర్రాలు ముక్కులు తేల్చి ఉన్నాయి. దూరంగా తిరిగి పోవాలని స్టాండింగ్ ఆర్డర్. మొదటి బోటు ముందే మలుపు తిరిగిపోయింది. మేం చుట్టు తిరిగి వచ్చేసరికి గుర్రపుడెక్క వేళ్ళు ఇంజను ఫ్యానుకి చుట్టుకున్నాయి. టప్‌మని ఏదో విరిగింది. ఇంజను అరుస్తోంది, ఫ్యాను తిరగడం లేదు.

ఎదురుగా పచ్చగా ఒక గడ్డ. తుంగ, నడుమ ఒక పొద, పొద మీద పిట్టలు. అంచున ఒక కొంగ కదలకుండా నిలబడి ఉంది. దాని ముక్కు చెక్కతో చేసిన చెప్పులా ఉంది. అప్రయత్నంగా నా నోట ఆ మాట వచ్చింది.

"లంక. దానికి కట్టేద్దాం."

"ఆయ్, లంకేనండీ," అన్నాడు రేడియో ఆపరేటరు. "నాలుగు అరటి పిలకలు పెడితే గెలలు దించుకోవచ్చండీ బాబూ."

డ్రైవరు తాడు పట్టుకుని ఆగాడు. "గట్టిదేనా ఉస్తాద్?"

"లంక అన్నాక గట్టిదే. కట్టు."

"మా ఊళ్ళో నీళ్ళంటే బావి అడుగున చూడాలి. మీ మాటే నా మాట," అని నవ్వి తుంగ మొదళ్ళలోకి చెయ్యి పెట్టాడు. వెంటనే లాగేసుకున్నాడు. ముడి పడింది గాని అతని బొటనవేలి కింద రెండు చుక్కల రక్తం. నల్లటి పాము నీళ్ళలోకి జారిపోవడం ముగ్గురం చూశాం.

చేతికి కట్టు కట్టాం. కదలకుండా పడుకోబెట్టాం. రేడియో ఆపరేటరు క్యాంపుని పిలిచాడు.

"కంట్రోల్, రెండో బోటు. పాము కాటు. హెలికాప్టర్ కావాలి. ఓవర్."

"రెండో బోటు, మీ స్థానం చెప్పండి. అక్కడే ఉంటారా? ఓవర్."

మైకు నేను తీసుకున్నాను. జీపీఎస్ చూసి అంకెలు చదివాను. "లంకకి కట్టేసి ఉన్నాం. కదలం. ఓవర్."

జీపీఎస్ ఆపేసి జేబులో పెట్టుకున్నాను. లంక ఎటు పోతుంది? గోదావరి లంకలో పుట్టినవాడికి ఆ అనుమానం రాదు. మనకి లంక అంటే భూమి. దానికి పట్టా ఉంటుంది, శిస్తు ఉంటుంది. వరదకి కొంత కోసుకుపోతే పోతుంది గాని లేచి నడవదు.

దక్షిణపు గాలి లేచింది. తుంగ తలలు ఊగాయి. కొంగ అలాగే ఉంది. పొద అలాగే ఉంది. మాకు కనిపించేవన్నీ మాతోపాటే ఉన్నాయి.

డ్రైవరు కనురెప్పలు వాలడం మొదలైంది. వేలితో ఎత్తితే కన్ను నన్నే చూస్తోంది. వదిలితే రెప్ప పడిపోతోంది. మాట ముద్దగా వస్తోంది. రెప్పల తర్వాత గొంతు, గొంతు తర్వాత ఊపిరి అని మాకు క్లాసులో చెప్పారు. అతని ఊపిరి ఆగేలోపు క్యాంపు ఆసుపత్రికి చేరాలి. ఇంకేమీ లేదు.

హెలికాప్టర్ చప్పుడు వినిపించింది. చాలా దూరంగా, ఎడమవైపు.

"రెండో బోటు, మీరు చెప్పిన చోట నీళ్ళు తప్ప ఏమీ లేవంటున్నాడు పైలట్. పొగ వెయ్యండి. ఓవర్."

పొగ డబ్బా వేశాం. జీపీఎస్ తీశాను. అంకెలు మారిపోయి ఉన్నాయి.

"తమ్ముడూ, మనం కదిలాం."

"అదేంటండీ!" రేడియో ఆపరేటరు లేచి నిలబడ్డాడు. "కదలడమేంటండీ, లంక కదలడమేంటండీ!"

తెడ్డు తుంగలోకి దించాను. వేళ్ళ చాప దాటాక అడుగు తగల్లేదు. మేం కట్టుకున్నది నేల కాదు. వేళ్ళు అల్లుకుని తేలుతున్న పచ్చిక. గాలి మమ్మల్ని దానితో సహా తీసుకుపోయింది. వెనక మేం వచ్చిన పాయ కూడా మూసుకుపోయింది, కెప్టెన్ గారి బోటు మా దగ్గరికి రావడానికీ దారి లేదు.

కొత్త అంకెలు చెప్పాం. హెలికాప్టర్ మా తల మీదికి వచ్చింది, చూసింది. కానీ తేలే గడ్డి మీద దిగలేదు. ఇంధనం నింపుకుని వస్తాం, ఈలోపు గట్టినేల వెతకండి అన్నారు. గట్టినేల ఎక్కడుందో ఆ చిత్తడి మొత్తంలో మా ఇద్దరికీ తెలియదు. డ్రైవరు ఊపిరి చిన్నదైంది.

పొగ చూసి ఆమె వచ్చింది.

తాటిదోనె. అవును, తాటిమాను తొలిచిన దోనె, మన కొల్లేరువాళ్ళు వాడేదే. అందులో ఒక ఆడమనిషి నిలబడి గెడ వేస్తోంది. నా వయసు ఉంటుందేమో. మెడలో నీలం పూసలు. దోనె నిండా చేపలు, కొన్ని ఇంకా కొట్టుకుంటున్నాయి. ఆమె మా ఇద్దరి వైపు చూడలేదు. వంగి డ్రైవరు రెప్ప ఎత్తి చూసింది. చేతి కట్టు చూసింది. నాలుకతో చిన్న చప్పుడు చేసింది. ఒక దిక్కు చూపించి, కాలితో నేలను తొక్కినట్టు రెండుసార్లు తొక్కింది. గట్టినేల.

తరవాత బుట్ట తీసుకుని ఆ చేపలన్నీ నీళ్ళలో పారబోసింది. చోటు కోసం. ఏమీ ఆలోచించకుండా, ఇల్లు ఊడ్చినట్టు.

దోనెలో ఇంకొక్కరికే చోటుంది. రేడియో ఆపరేటరు నాకు చేతి సెట్టు అందించాడు. "మీరెళ్ళండి హవల్దారు గారూ. నేను బోటు చూసుకుంటాను. ఈ లంక నన్ను ఏ ఊరు తీసుకెళ్తే ఆ ఊరి పేరు కంట్రోల్‌కి చెబుతూ ఉంటానండీ."

ఆమె తుంగలోకి నేరుగా దోనె పోనిచ్చింది. నాకు దారి కనిపించలేదు. ఆమె గెడతో పక్కకి నెడితే తుంగ తప్పుకునేది, మేం దాటగానే మూసుకునేది. నేను ఒక చేత్తో దోనెలో చేరిన నీళ్ళు తోడుతున్నాను. రెండో చేతి వేలు డ్రైవరు పట్టుకుని ఉన్నాడు. ఒకచోట అతని పెదవులు కదిలాయి. చెవి దగ్గర పెట్టాను.

"ఉస్తాద్... మనం పోయేది నేలకా, లంకకా?"

"నాకు తెలియదురా," అన్నాను. "ఆవిడకి తెలుసు."

దిబ్బ వచ్చింది. పాత పశువుల మంద దిగిన చోటు. బూడిద, కట్టుగొయ్యలు. అక్కడ నేను అతన్ని మోశాను. అది నిజం. దోనె అంచు నుంచి దిబ్బ నడుమకి, మన ఊరి చర్చి గుమ్మం నుంచి బలిపీఠం దాకా ఉండేంత దూరం. ఆ రోజు మేం ఒక్క మొసలిని కూడా చూడలేదు.

చేతి సెట్టులో దిబ్బ అంకెలు చెప్పాను, హెలికాప్టర్ దిగింది. డాక్టరు గారు అక్కడికక్కడే గొంతులో గొట్టం వేశారు. కొన్ని రోజులు యంత్రం ఊపిరి పోసింది. తరవాత అతనే పీల్చుకున్నాడు. నెల తిరక్కుండా మెస్సులో నా పక్కన కూర్చుని రొట్టెలు తిన్నాడు. రేడియో ఆపరేటరుని ఆ సాయంత్రమే కెప్టెన్ గారి బోటు తీసుకొచ్చింది. అప్పటికి అతని లంక ఇంకో మలుపు దాటింది.

నడవడం వచ్చాక డ్రైవరు, నేను, దుబాసీ ఆమెని వెతుక్కుంటూ ఎగువన ఆ చేపలవాళ్ళ గూడేనికి వెళ్ళాం. గూడెం లేదు. నీళ్ళు పెరిగితే వాళ్ళు ఇళ్ళు విప్పుకుని వేరే చోటికి పోతారని దుబాసీ చెప్పాడు. ఆమె పేరు నాకు ఈ రోజుకీ తెలియదు.

ఏడాది పూర్తయింది. ఇంటికొచ్చాను. నాకంటే ముందు కథ వచ్చేసింది. రేడియో ఆపరేటరు సెలవులో ఉండగా వాళ్ళ మేనమామకి 'హవల్దారు గారు మోసుకెళ్ళారు' అన్నాడట. మేనమామ కొవ్వూరు వియ్యాలవారికి చెప్పేసరికి అందులో మొసళ్ళు చేరాయి. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారు శాలువా కప్పారు.

"మొసళ్ళు ఎన్నండీ?" అని వెనక బెంచీలోంచి ఎవరో అడిగారు.

"అప్పుడు లెక్కెట్టుకునే తీరికేదండీ," అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ ఒక్క మాటతో ఆమెని ఆ చిత్తడిలో వదిలేశాను. తప్పు మేనమామది కాదు, పాస్టరు గారిది కాదు.

డ్రైవరు ఇప్పుడు వాళ్ళ ఊళ్ళో ట్రాక్టరు నడుపుతున్నాడు. ఏటా క్రిస్మస్‌కి ఫోన్ చేస్తాడు. వాళ్ళ అమ్మ ఫోను లాక్కుని నన్ను ఆశీర్వదిస్తుంది. ఆవిడకి కొడుకు అసలు సంగతే చెప్పాడు, అయినా నన్నూ కలుపుకుంటుంది. పోయినసారి అతను అడిగాడు: "మీ గుడిలో ఆ అమ్మ కోసం ప్రార్థన చేయించారా ఉస్తాద్?" ఫోను పెట్టేశాక నేరుగా పాస్టరు గారి దగ్గరికి వెళ్ళాను. వచ్చే కోతల పండుగనాడు ఈ కాగితాలు అందరి ముందూ చదువుతానని చెప్పాను. "శాలువా మాత్రం తిరిగివ్వకండి, పెట్టెలో చోటు లేదు," అన్నారాయన.

ఆ దేశం నాకు చాలా చూపించింది. జింకల బారు, ఎద్దు మీద పాట, మన తాడిచెట్టు. అన్నిటికీ రుణపడి ఉన్నాను. కానీ కళ్ళు మూసుకుంటే వచ్చేది ఒక్కటే.

హెలికాప్టర్ లేస్తోంది. నేను తలుపు దగ్గర ఉన్నాను. ఆమెకి చేతులు జోడించి వందనాలమ్మా అని అరిచాను. ఆ హోరులో నాకే వినిపించలేదు. రెక్కల గాలికి దిబ్బ చుట్టూ తుంగంతా పడుకుంది. అప్పుడు పైనుంచి మొదటిసారి ఆమె మమ్మల్ని తెచ్చిన దారి కనిపించింది. పచ్చదనంలో సన్నటి నల్లటి నీటిగీత, మెలికలు తిరుగుతూ. మేం పైకి పోయేకొద్దీ తుంగ ఒక్కొక్కటే లేచి నిలబడుతోంది, గీత చెరిగిపోతోంది. ఆమె దోనెలో నిలబడి, వల భుజానికెత్తుకుని, చేపలు పారబోసిన వైపుకే గెడ వేస్తోంది.