నేను పూసిన ఎర్రరంగు

కువైట్‌లో ఎడారి అంచునున్న ఒక పాల ఫారంలో నాది కోడెల కొట్టం పని. వారానికి రెండుసార్లు ఒక్కో కోడె దగ్గర వీర్యం పట్టి, డాక్టరుగారి మైక్రోస్కోపు కింద పెట్టాలి. వరసగా మూడుసార్లు పనికిరాకపోతే దాని తుంటి మీద ఎర్రరంగు పూస్తాం. ఫారమంతటా ఎర్రరంగు పడిందంటే కబేళాకే. కడప నుంచి వచ్చి అందరి చేతా మాటలు పడే నాకు, ఆ రంగు డబ్బా ఒక్కటే అధికారం.

1990లో నల్లమచ్చల కోడె ఒకటి నా ప్రాణం తోడేసింది. దానికి పదమూడు నెలలు. రెండుసార్లు పట్టినా నీళ్లు కలిపిన పాలలా పలచగానే వచ్చింది. డాక్టరుగారిది కోనసీమ. ఆయనకు మాత్రం ఓపికెక్కువ.

"కంగారెందుకయ్యా? వయసు రావాలి కదా. దీని తండ్రికి పుట్టినవన్నీ ఆలస్యంగానే అందుకుంటున్నాయి. దీని అన్నని చూళ్లేదూ?"

చూశాను. రెండు నెలలు ఆగితే ఆ అన్న మీగడలాంటి వీర్యం ఇచ్చింది. పట్టింది నేనే.

"నాయన పేరు చెప్పి దీన్ని ఇంగెన్నాళ్లు మేపల్ల సార్?"

"ఎండలు తగ్గనీ, అప్పుడు చూద్దాం."

ఆగస్టు మొదట్లో మూడోసారి పట్టబోతే అది నా పాదం తొక్కింది. గోరు ఊడింది. వీర్యం చుక్క రాలేదు. డాక్టరుగారు అప్పటికే సిటీ వైపు అబ్బాసియాలో ఉన్న తన గదికి వెళ్లిపోయారు. ఒళ్లు మండి, డబ్బా తెచ్చి పూసేశాను. పొద్దున్నే చెబుదాంలే, తిడితే తిట్టనీ అనుకున్నాను.

తెల్లారేసరికి ఇరాక్ సైన్యం కువైట్‌లో ఉంది. దారులు మూసేశారు. డాక్టరుగారు రాలేదు. కోపం దిగాక నాకు భయం పట్టుకుంది. మూడు రోజులు డీజిల్‌తో రుద్దాను. ఎరుపు కాస్త వెలిసింది గాని పోలేదు.

నాలుగో రోజు సైనికులు లారీతో వచ్చి మాంసం కావాలన్నారు. మా ఈజిప్టు సూపర్‌వైజర్ వణుకుతూనే, రంగున్నవి తీసుకుని మిగతావి వదలమని వాళ్లను ఒప్పించాడు. రంగున్నవి నాలుగు ముసలి ఆవులు, ఆ కోడె.

"ఇది మంచిది, పొరపాటున పడింది" అని వచ్చీరాని అరబ్బీలో అతణ్ణి బతిమాలాను.

"ఎవరు పూశారు?"

"నేనే."

"ఖలాస్. యల్లా, ఎక్కించు."

సైనికులు లాగితే అది కదల్లేదు. నేను తాడు పట్టుకుంటే నా వెనకే వచ్చి లారీ ఎక్కింది.

ఎనిమిదో రోజు డాక్టరుగారు నడిచి వచ్చారు. సూపర్‌వైజర్ అప్పటికే జోర్డాన్ దారి పట్టాడు.

"నల్లమచ్చలది ఏదయ్యా?"

"సైనికులు పట్టుకపోయినారు సార్."

రంగు మాట చెప్పలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది. ఆయన ఖాళీ గుంజను కాసేపు చూసి, నా భుజం మీద చెయ్యి వేశారు.

"నువ్వేం చేస్తావయ్యా, యుద్ధం వచ్చిపడితే. బాధపడకు."

నేను తల వంచుకుని, ఆయన్ని ఓదార్చనిచ్చాను.